ముప్పై ఏడో పేపరు

నాకు ముక్కు మీద కోపమని ఇంట్లో అంటారు. అబద్ధం కాదు. శనివారం స్టాఫ్ రూములో అరవై రెండు వ్యాసాలు ముందేసుకుని కూర్చుంటే ఆ కోపం నెత్తికెక్కింది. మధ్యంతర పరీక్షకి నేనిచ్చిన అంశం 'ప్రజా రవాణా: లాభనష్టాలు'. పిల్లలంతా కూడబలుక్కున్నట్టు "నేటి ఆధునిక యుగంలో" అని మొదలుపెట్టారు. పదో పేపరుకే ఆ యుగమంటే నాకు విసుగు పుట్టింది.

దిద్దడానికి మాకొక పద్ధతి ఉంది. ఉపోద్ఘాతానికి మూడు మార్కులు, లాభాలకి ఆరు, నష్టాలకి ఆరు, ముగింపుకి మూడు, దస్తూరికి రెండు. పేపరు మీద పేరుండే అంచుని మడిచి అంటిస్తారు, మాకు నంబరు ఒక్కటే కనిపిస్తుంది. ఎర్ర కలం పట్టుకుని లాభాలెన్ని, నష్టాలెన్ని అని లెక్కపెట్టుకుంటూ పోవడమే. ముప్పై ఏడో నంబరు పేపరులో ఒక్క లాభమూ లేదు, ఒక్క నష్టమూ లేదు. ఎవరో వాళ్లమ్మ బస్సు నడపడం గురించి రాసుకున్నారు. మధ్యలో అడ్డంగా ఒక గీత గీసి, 'విషయం వదిలేశావు' అని రాసి, దస్తూరికి రెండు, జాలికి రెండు, మొత్తం నాలుగు వేశాను. సాయంత్రం అయిదింటికి కట్ట ఆఫీసులో ఇచ్చేసి, హమ్మయ్య అనుకుంటూ ఇంటికి పోయాను.

ఎనిమిది రాకపోతే ఏడాది చివరి పరీక్షకి కూర్చోనివ్వరు. వచ్చే ఏడు కింది తరగతి పిల్లలతో కలిసి మళ్లీ మొదటినుంచి చదవాలి. అలా ఆగిపోయేవాళ్ల జాబితా సోమవారం పదకొండింటికి గోడకెక్కుతుంది. ఇదంతా తెలిసే వేశాను ఆ నాలుగు.

సోమవారం పొద్దున బస్సులో ముందువైపు నిలబడి ఉన్నాను. కాలేజీ దగ్గరపడుతుంటే భుజానున్న సంచి తీసి చేత్తో పట్టుకున్నాను. గంట నొక్కుదామని ఇంకా చెయ్యి ఎత్తనేలేదు, బస్సు నెమ్మదించి స్టాపులో ఆగింది. దిగేదాన్ని నేనొక్కదాన్నే.

"నేను గంట నొక్కలేదు కదండీ, ఎలా ఆపారు?" అన్నాను డ్రైవరుతో.

"సంచి తీశారు కదమ్మా," అన్నాడాయన అద్దం వైపు చూపించి. "దిగేవాళ్లు ముందు సంచి సర్దుకుంటారు. దిగండి, వెనక బండి వస్తోంది."

దిగానే కానీ, అక్కడే నిలబడిపోయాను. ఈ మాట నేను చదివాను. 'భుజాన ఉన్న సంచి చేతిలోకి వస్తే ఆ మనిషి దిగబోతున్నట్టు. మా అమ్మ అద్దంలో చూస్తుంది. గంట మోగేసరికే ఆమె కాలు బ్రేకు మీద ఉంటుంది.' ముప్పై ఏడో నంబరు. దాని వెనకే ఇంకో వాక్యం, ఇంకో వాక్యం గుర్తొచ్చాయి. 'ఒకాయన రోజూ భోజనం సంచితో ఎక్కి ఆసుపత్రి దగ్గర దిగేవాడు. ఒకరోజు సంచి లేకుండా ఎక్కాడు. ఆసుపత్రి వచ్చినా లేవలేదు. అమ్మ బండి ఆపి ఆయన్ని అద్దంలో చూస్తూ కూర్చుంది. గంట కొట్టి ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత మెల్లగా కదిలించింది.'

నా ఎర్ర గీత సరిగ్గా ఆ వాక్యాల మీద నుంచే పోయింది. నా మీద నాకే మండుకొచ్చింది. కానీ నిజం చెప్పొద్దూ, ఆ కోపం కన్నా సంతోషమే ఎక్కువగా ఉంది. నా తరగతిలో, అరవై రెండు మందిలో, ఇలా రాయగలిగినవాళ్లు ఒకరున్నారు. పదిహేడేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, పేపరు దిద్దినందుకు ఇంత సంబరం ఎప్పుడూ పడలేదు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని పరుగందుకున్నాను. గేటు దగ్గర ఇద్దరు విద్యార్థులు దారిచ్చి, నన్ను వింతగా చూశారు. చూడనీ అనుకున్నాను.

ఆఫీసు గుమస్తాని మేమంతా సీలు బాబాయ్ అంటాం, సీలు పడందే ఆయన బల్ల మీంచి చీటీ ముక్క కూడా కదలదు. నేను వెళ్లేసరికి పది నలభై. జాబితాలో అయిదు పేర్లు టైపు చేసి, సీలు చేతిలోకి తీసుకుంటున్నాడు.

"బాబాయ్, ఆగండి. ముప్పై ఏడో నంబరు పేపరు కావాలి."

"ఎవరి సిఫారసమ్మా?"

"ఎవరిదీ కాదు. పేరు కూడా నాకొద్దు, చేత్తో మూసే ఇవ్వండి."

జాబితా కోసం విప్పిన అంచులో పేరు మీద ఆయన బొటనవేలు నొక్కిపెట్టి పేపరు ముందుకి జరిపాడు. నిలబడే చదివాను, మొదటినుంచి చివరిదాకా, ఒగర్చుకుంటూ. నేను గుర్తుపెట్టుకున్నదానికన్నా బాగుంది. ఆసుపత్రి ముక్క ఆయనకి పైకి చదివి వినిపించాను. బాబాయ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మార్చండి మరి," అని ఒక ఫారం తీశాడు. "కారణం దగ్గర 'కూడికలో పొరపాటు' అని రాసేయండి. అందరూ అదే రాస్తారు, పైవాళ్లు ఏమీ అడగరు."

కలం తీశాను. కూడికలో పొరపాటేమీ లేదు, రెండూ రెండూ నాలుగే. నాలుగు కొట్టేసి పద్దెనిమిది వేశాను. పక్కనే నిండు సంతకం చేశాను. కారణం దగ్గర ఇలా రాశాను: 'మొదటిసారి దిద్దానే గానీ చదవలేదు. ఇప్పుడు చదివాను.'

బాబాయ్ ఆ గడిని రెండుసార్లు చూసుకున్నాడు.

"ఇది ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికి పోతుందమ్మా," అన్నాడు మెల్లగా. "ఆయన ఒకటే అడుగుతారు. మిగతా అరవై ఒక్కటీ చదివారా అని."

ఆయన బల్ల మీదున్న జాబితాలో ఇంకా నాలుగు పేర్లున్నాయి.

"జాబితా ఎంతసేపు ఆపగలరు?"

"నాలుగింటిదాకా ఆపుతాను. సీలు కనపడలేదని చెబుతాను."

"ఆ కట్ట ఇటివ్వండి," అన్నాను. ఎర్ర కలానికి మూత పెట్టేసి, ఆయన ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని, తాడు విప్పి ఒకటో నంబరు తీశాను.