కొండలు అడిగిన మాట

గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసిన మరుసటి ఏడు, బరంపురం బడా బజారులో పట్టపగలు పెద్ద గొడవ జరిగింది. బస్తాలు మోసే కూలీలకూ బియ్యం వర్తకులకూ మొదలైన తగాదా రాళ్లు రువ్వుకునేదాకా వచ్చింది. విడదీయడానికి మధ్యలోకి వెళ్లిన కానిస్టేబులు వీరన్న, తలకు రాయి తగిలి కుప్పకూలాడు.

సబ్‌ఇన్‌స్పెక్టరు వేణుగోపాలరావు వచ్చేసరికి జనం చెదిరిపోయారు. వీరన్న ఒక కొట్టు అరుగు కింద స్పృహ లేకుండా ఉన్నాడు. పక్కనే ఒకడు, చేతులనిండా నెత్తురుతో. పేరు కొండలు, ఆర్యపల్లి జాలరి, ఎండుచేపలు అమ్ముకోవడానికి వచ్చాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో వేణుగోపాలరావుకు పని నేర్పినవాడు వీరన్నే. అతను బతుకుతాడో లేదో తెలియదు. ఠాణాకు తెచ్చిన కొండలును చూస్తుంటే ఒళ్లు మండిపోయింది.

"ఎందుకు కొట్టావురా?"

"నాను కొట్టనేదు బాబూ. ఆ బాబు పడిపోతే అరుగు కిందకి లాగినాను. ఇంకా రాళ్లు పడతన్నాయి గదా."

కొండలు వీపు మీద దెబ్బలు కమిలి ఉన్నాయి. గొడవలో ఉన్నాడనడానికి అవే రుజువనుకున్నాడు వేణుగోపాలరావు. లాఠీ తనే అందుకున్నాడు. అడ్డం పెట్టిన కుడిచేతి మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. అప్పుడు కూడా కొండలు అదే మాట చెప్పాడు.

మర్నాడు సాయంత్రం ఆస్పత్రిలో వీరన్నకు తెలివొచ్చింది.

"ఆ సేపలోడు ఎలాగున్నాడండీ? నన్ను లాగి నా మీద ఒంగున్నాడు. ఆడి ఈపు మీద రాళ్లు పడతంటే ఇన్నాను. ఆడు నేకపోతే సచ్చిపోదును."

"బాగానే ఉన్నాడు," అన్నాడు వేణుగోపాలరావు. ఆ అబద్ధం నోటినుంచి ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు.

ఠాణాకు వెళ్లి కొండలును విడిచిపెట్టాడు. ఆస్పత్రికి తీసుకెళ్తానంటే కొండలు భయపడి, "ఒద్దు బాబూ, ఇంటికి ఎల్తాను" అన్నాడు. వాచిన చేతిని రొమ్ముకు ఆనించుకుని, రెండో చేత్తోనే దండం పెట్టి వెళ్లిపోయాడు. పైఅధికారికి జరిగింది చెబితే, ఇలాంటివి మామూలే, వదిలెయ్యమన్నాడు.

వదిలెయ్యలేక కొన్నాళ్లకు మామూలు పంచెతో ఆర్యపల్లి వెళ్లాడు. అయినా ఎవరో గుర్తుపట్టారు. ఇసుకలో చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్లు పని వదిలి ఇళ్లలోకి వెళ్లిపోయారు. కొండలు, భార్య దానమ్మ మాత్రం గుమ్మం ముందు ఒదిగి నిలబడ్డారు. పసరుకట్టు కట్టిన కొండలు చెయ్యి ఒక పక్కకు వంకర తిరిగి ఉంది.

"కొండలూ, నువ్వు నిజమే చెప్పావు. నేనే వినలేదు. తప్పు నాది."

దానమ్మ గాభరాగా అడ్డుపడింది. "మీదేటి తప్పు బాబూ? మాదే. ఆ రోజు బజారుకి ఎల్లకుండా ఉండాల్సింది."

తిట్టినా బాగుండేది. వేణుగోపాలరావు తల ఎత్తలేకపోయాడు.

కొండలు మెల్లగా అడిగాడు. "బాబూ, ఒక్క మాట. రేపు మల్లీ ఏ పోలీసు బాబైనా అలాగ పడిపోతే, లేపమంటారా, ఒద్దంటారా?"

ఎత్తిపొడుపు కాదు. తెలుసుకుందామనే అడిగాడు. లేపమని చెప్పడానికి వేణుగోపాలరావుకు నోరు రాలేదు. వద్దని ఎలా అంటాడు? ఏమీ చెప్పకుండానే వచ్చేశాడు.

ఆ రోజే వీరన్న మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాడు. వీరన్న ఒక్కటే అడిగాడు.

"ఆ సెయ్యి మల్లీ తెడ్డు పడతాదాండీ?"

"పట్టదు."

వీరన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నడవగలిగిన రోజున వీరన్న ఆర్యపల్లి ఒక్కడే వెళ్లొచ్చాడు. అక్కడ ఏం జరిగిందో అతను చెప్పలేదు. అడిగే మొహం వేణుగోపాలరావుకు లేకపోయింది.