ఏమీ మిగలని రిపేరు

మా ఆయన ఏది బాగుచేసినా చివర్లో ఒక స్క్రూ మిగులుతుంది. మిక్సీ విప్పి బిగిస్తే ఒకటి, ఫ్యానుకు నూనె వేస్తే రెండు, గోడ గడియారం విప్పినప్పుడైతే పిడికెడు. అన్నిటినీ ఒక బిస్కెట్ డబ్బాలో వేసి దాచారు. కంపెనీవాళ్ళు అవసరం లేనివి కూడా బిగించేస్తారని ఆయన సిద్ధాంతం. అందుకే ఏ రిపేరు ముగిసినా నేనూ మా అత్తయ్యా ఒకే ప్రశ్న వేస్తాం. "ఏమైనా మిగిలిందా?" మిగలకపోతే ఆ వస్తువు దగ్గరికి ధైర్యంగా వెళ్తాం. మిగిలితే మొదటిసారి స్విచ్చి ఆయన్నే వేయమంటాం.

ఆయనకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. రోజంతా కంటికి ఆనని స్క్రూలు తిప్పే చెయ్యి కాబట్టి, లోకంలోని స్క్రూలన్నీ తన మాట వింటాయని ఆయన నమ్మకం. మా వీధి చివరే మెకానిక్కు షెడ్డు ఉంది. ఏసీ వేస్తే చాలు, మా కారు చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది. అందుకని ఆ షెడ్డు దాటేదాకా ఏసీ ఆపేసి, కిటికీ దించుకుని, ఏ బాధా లేని మనిషిలా ఈల వేసుకుంటూ నడుపుతారు.

నేను ఇంట్లో కేకులు చేస్తాను. చుట్టుపక్కల పిల్లల పుట్టినరోజులకు మొదలుపెట్టాను. ఎవరైనా అడిగితే మా ఆయన "ఏదో కాలక్షేపానికి చేస్తుందిలెండి" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. నడుం పట్టేసేదాకా క్రీము గిలక్కొట్టే కాలక్షేపం ఎక్కడైనా ఉంటుందా? ఒక్క పెద్ద ఆర్డరు వస్తే ఈ మనిషి నోరు మూయించవచ్చని కాచుకుని కూర్చున్నాను.

అలాంటిది వచ్చింది. ఊరికి అటు చివరనున్న పెద్ద హోటల్లో, యజమాని తల్లిదండ్రుల పెళ్ళిరోజుకు మూడంతస్తుల వెన్న క్రీము కేకు కావాలన్నారు. అక్కడి వంటాయన మొహమాటం లేని మనిషి.

"రుచి చూశానమ్మా, బాగుంది. కానీ కేకు నిలబడి రావాలి. నిలబడి వస్తే ఇకమీదట మా హోటల్ కేకులన్నీ మీరే చెయ్యండి. వాలిపోయి వస్తే మాత్రం మాకూ మీకూ చెల్లు."

వెన్న క్రీముకు ఎండ గిట్టదు. లోపల చల్లగా ఉంచే వ్యాను అద్దెకు అడిగితే ఆ రోజు ఖాళీ లేదన్నారు. ఇక మిగిలింది మా కారు, దాని ఏసీ. చల్లగానే ఉంటుంది, కీచుమనడం ఒక్కటే దాని జబ్బు. కీచుమంటే కేకు కరగదు కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను.

మా ఆయన ఉండనిస్తేగా. ముందురోజు పొద్దున్నే చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చారు.

"బెల్టు అరిగిపోయింది. ఆ కీచుమనేది అదే. దారిలో తెగిందంటే నీ కేకు గతేంటి? కొత్తది తెచ్చాను, మార్చేస్తా."

"షెడ్డులో ఇద్దామండీ. అరగంట పని అంటారు."

"వాడికి అరగంట పడితే నాకు గంట పడుతుంది. అంతేగా తేడా."

ఆ మాటలో తప్పు వెంటనే దొరకలేదు నాకు. పైగా పొయ్యి మీద పాకం ఉంది. ఆ తొందరలో ఊరుకున్నాను. అదే కొంప ముంచింది.

అత్తయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని పర్యవేక్షణకు కూర్చుంది. నేను గరిటె పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. బానెట్ ఎత్తి మా ఆయన మాకు పాఠం చెప్పారు. ఇంజన్ పక్కన అరడజను చక్రాలు, అన్నిటి మీదుగా మెలికలు తిరుగుతూ పోయే ఒకే ఒక్క పొడుగాటి బెల్టు. ఏసీని తిప్పేది అదే, బ్యాటరీకి కరెంటు అందించేది అదే, ఇంజన్ చుట్టూ నీళ్ళు తిప్పి చల్లార్చే పంపును నడిపేదీ అదే. వాటిలో ఒక చక్రం స్ప్రింగు మీద ఉండి బెల్టును బిగువుగా పట్టుకుంటుంది. దాన్ని పానాతో పక్కకు నొక్కగానే బెల్టు వదులై చేతిలోకి వచ్చేసింది. మా ఆయన దాన్ని పైకెత్తి చూపించారు. నిజంగానే నిండా పగుళ్ళు. ఆయన చెప్పిన జబ్బు అక్షరాలా నిజమైనందుకు నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

"ఏ చక్రం మీదుగా ఎటు పోయిందో గుర్తు పెట్టుకున్నావురా?" అంది అత్తయ్య.

"అంతా బుర్రలో ఉందమ్మా."

బానెట్ లోపల బెల్టు దారి చూపే బొమ్మ ఒకటి అంటించి ఉండేది. ఇంజన్ తళతళలాడాలని పోయిన నెల ఈయనే దాన్ని తోమి తోమి ఊడగొట్టారు. ఇక బుర్రే దిక్కు.

ఆ బుర్ర కొత్త బెల్టును ఒకసారి ఇటు నుంచి పెట్టింది. పొట్టి అయింది. అటు నుంచి పెట్టింది. వేలాడింది. చొక్కా తడిసిపోయింది, మొహం నల్లబడింది, నా పాకం ముదిరిపోతే పారబోసి మళ్ళీ పెట్టాను. చివరికి ఎలాగైతేనేం, అన్ని చక్రాలకూ తగిలి బెల్టు బిగుసుకుంది. వీణ మీటినట్టు వేలితో మీటి చూపించారు.

అత్తయ్య కుర్చీలోంచే మెడ చాచింది. "ఒరేయ్, ఆ నున్నటి చక్రానికి ఇందాక బెల్టు నున్నటి వీపు తగిలేది. ఇప్పుడు గీతలున్న కడుపు తగులుతోంది."

"ఏది తగిలితే ఏముందమ్మా, తిరగాలిగాని."

"నాకెందుకులే. చూసింది చెప్పాను."

ఇంజన్ మొదలుపెట్టి ఏసీ వేశారు. కీచు లేదు. గాలి జివ్వుమని వచ్చింది. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చారు, షెడ్డు ముందు కావాలని రెండుసార్లు తిరిగారని నా అనుమానం. దిగగానే నేనూ అత్తయ్యా ఒక్కసారే అడిగాం, ఏమైనా మిగిలిందా అని.

ఆయన ఖాళీ చేతులు రెండూ చాపారు. "ఏమీ మిగల్లేదు."

పెళ్ళయ్యాక ఏమీ మిగలని రిపేరు చూడడం నాకదే మొదలు. బెల్టు మార్చడంలో స్క్రూలే ఉండవని, ఇక మిగలడానికేముంటుందని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ రాత్రి ఆయనకు ఇంకో కప్పు కాఫీ కూడా ఇచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం బయల్దేరాం. వెనక సీటు మడిచి కేకు పెట్టి, పక్కనే నేను ఒదిగి కూర్చుని పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకున్నాను. హోటల్ చూస్తానని అత్తయ్య ముందు సీట్లో, చలికి శాలువా కప్పుకుని. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, లోపల నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. కేకు మీద పువ్వులు ఒక్క రేకైనా వాడలేదు. ఈ మనిషిని అనవసరంగా ఆడిపోసుకున్నానేమో అని కూడా అనుకున్నాను.

ఊరి బయటి రోడ్డెక్కాక అత్తయ్య అంది. "ఒరేయ్, ఆ ముల్లు పడుకుని ఉండేది. ఎందుకు లేచి నిలబడింది?"

అది ఇంజన్ వేడి చెప్పే ముల్లు. మా ఆయన బండి పక్కకు తీశారు. ఇంజన్ ఆపకుండానే దిగి, బానెట్ ఎత్తి లోపలికి చూస్తూ ఉండిపోయారు. తిరిగి వచ్చి నా కిటికీ దగ్గర నిలబడ్డారు.

"అమ్మ చూపించిన ఆ నున్నటి చక్రం పంపుదే. అది వెనక్కి తిరుగుతోంది. నీళ్ళు ఆడడం లేదు. బెల్టు నేనే తప్పు వేశాను."

నేనే తప్పు అన్న మాట ఆయన నోట వింటే పండగ చేసుకోవాలని ఎన్నేళ్ళనుంచో అనుకుంటున్నాను. తీరా విన్నాక కేకు పళ్ళేన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. "ఇప్పుడెలా?" అన్నాను.

"ఆపి చల్లారేదాకా కూర్చోవాలి. లేదా ఏసీ ఆపి హీటరు మొత్తం పెట్టాలి. అప్పుడు ఇంజన్ వేడి కొంత మన మీదికి వచ్చేస్తుంది. మెల్లగా పోవచ్చు."

రోడ్డుకు ఇటూ అటూ నీడ లేదు. కేకుకు ఆగినా చావే, హీటరు వేసినా చావే. ఆ కారు ఆయన మొదటి సంపాదనతో కొన్నది, నాకంటే ముందు ఆ ఇంటికొచ్చింది. దాని మీద ఈగ వాలితే ఊరుకోని మనిషి. ఇంజన్ మాడిపోతే ఆయనకేమవుతుందో నాకు తెలుసు. కేకు వైపు చూడకుండా, "హీటరు వెయ్యండి. కేకు మళ్ళీ చేసుకోవచ్చు" అన్నాను.

"వంటాయన మళ్ళీ అడగడుగా" అన్నారు.

సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. హీటరు మీటకేసి చూస్తారనుకున్నాను. ఏసీ మీటను చల్లదనం వైపు చివరిదాకా తిప్పేశారు. "గట్టిగా పట్టుకో" అన్నారు, అంతే.

ఆ తర్వాత ఆయన ముల్లు వైపు చూడలేదు. నేను కళ్ళు తిప్పుకోలేకపోయాను. అది ఎర్రగీత దాటింది. కాలిన వాసన లోపలికి వచ్చింది, బానెట్ అంచుల్లోంచి ఆవిరి లేచింది, ఇంజన్ లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. పక్క బండ్లవాళ్ళు వేళ్ళు చూపించి అరుస్తున్నారు. మా ఆయన వాళ్ళందరికీ మర్యాదగా తల ఊపుతూ పోనిచ్చారు. పుట్టాక నోరు మూయడం ఎరగని అత్తయ్య శాలువా తల మీదుగా లాక్కుని కిమ్మనకుండా కూర్చుంది.

హోటల్ వెనక గేటు దాటగానే లోపల ఏదో ఫెళ్ళుమంది. కారు తనంతట తానే ఇంకాస్త దొర్లి, వంటింటి తలుపు ముందు ఆగిపోయింది.

పనివాళ్ళతో కలిసి కేకును లోపలికి మోసుకుపోయాను. వంటాయన చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు, కింద అంతస్తు క్రీమును వేలి కొసతో తాకాడు.

"ఇంత ఎండలో ఇంత చల్లగా తెచ్చినవాళ్ళని చూడలేదమ్మా. మీ కారు ఏసీ చాలా బాగున్నట్టుంది. వచ్చే వారం ఇంకో మూడంతస్తులది కావాలి, తెస్తారా?"

తెస్తానన్నాను. ఎలా తెస్తానో నాకే తెలియదు.

బయటికొస్తే అత్తయ్య ఇంకా కార్లోనే ఉంది. ఆయన గోడ వారగా మెట్టు మీద కూర్చున్నారు. పైనుంచి కిందిదాకా మసి. దారి పొడుగునా దాచుకున్న తిట్లన్నీ నా నాలుక చివర ఉన్నాయి.

"నిలబడిందా?" అన్నారు.

"నిలబడింది. వచ్చే వారానికి ఇంకోటి చెయ్యమన్నాడు."

ఆయన మొహం వెలిగిపోయింది. నా కేకు గురించి ఆయన మొహం అలా వెలగడం నేను ఎప్పుడూ చూడలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎదురుగా కారు పొగలు కక్కుతోంది.

"ఇంజన్ పోయినట్టేనా?"

"పోయినట్టే." దాన్నే చూస్తూ, గొంతు తగ్గించి అన్నారు. "అయినా ఇంజన్ దింపి ఇంకోటి పెట్టడం అనుకున్నంత కష్టమేం కాదట. ఒక వీడియోలో చూశాను."

ఇంకో రోజైతే అక్కడికక్కడ ఆయన్ని కడిగేసేదాన్ని. నడుముకు కట్టుకున్న ఏప్రాన్ విప్పి, దాని కొసతో ఆయన మొహం మీది మసి తుడిచాను.

"వచ్చే వారంలోగా అయిపోతుందా?" అని అడిగాను.