రెండో ముల్లు

శనివారం చివరి పీరియడ్ మూడో తరగతికి తూకాల పీరియడ్. ఆయమ్మ వరండాలోని పాత ఇనుప కాటాను గరగరా లాక్కొచ్చి నల్లబల్ల కింద పెడుతుంది. పిల్లలు చెప్పులు విప్పి వరుసలో నిలబడతారు.

ఆ కాటాకు రెండు ముళ్లు. మొదటిది తిండి బరువు చూపిస్తుంది, దాని జోలికి ఎవరూ పోరు. రెండోది ఇంగ్లీషు మాటల బరువు చూపిస్తుంది. పిల్లలు అక్షరాలు చూసి చదవగలిగిన మాట ఒక్కోటి బఠాణీ గింజంత తూగుతుంది. ఊరికే నోటికి వచ్చిన మాట గాలికి పోతుంది. ఆ చుట్టుపక్కల ఇదేమీ వింత కాదు. ఐదో తరగతి పిల్లల్ని ఎత్తుకోలేక తల్లులు "చదివింది చాలు గానీ దిగు" అని విసుక్కుంటారు. పిల్ల బరువు పెరిగిందని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ముందు ఏ క్లాసని అడుగుతాడు.

ఇంగ్లీషు టీచర్‌కు పరీక్ష పేపర్ల మీద నమ్మకం లేదు. పక్కవాడి పేపర్లోకి తొంగి చూడొచ్చు గానీ పక్కవాడి బరువు తెచ్చుకోలేరు కదా అంటుంది. అంత జాగ్రత్త మనిషి ఒక్క పిల్ల విషయంలో మాత్రం కళ్లు మూసుకుంది. ఆ పిల్లను బడంతా చిలక అని పిలిచేవాళ్లు. పాఠం ఎక్కడ మొదలుపెట్టమన్నా గడగడా అప్పజెప్పేది, స్పెల్లింగులు నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఆమె ముందు చదివితే మిగతావాళ్లు వెనకాల చదవడం ఆ క్లాసు పద్ధతి. తూకాల పీరియడ్‌లో వరుసగా పేర్లు పిలిచే పెత్తనం కూడా ఆమెదే. పిలిచే పిల్లను తూచాలని ఎవరికీ తట్టలేదు.

ఆ శనివారం, అప్పుడే కాటా దిగిన ఒక బొద్దు పిల్లకు ఒళ్లు మండింది. ఆమె ముల్లు పెద్దగా కదల్లేదు మరి.

"చిలకను ఎప్పుడూ తూచరేం టీచర్?" అంది.

"దాన్ని తూస్తే మన కాటా విరుగుతుందే" అని టీచర్ నవ్వింది. "సరే, నువ్వూ ఎక్కమ్మా. చూసి బుద్ధి తెచ్చుకుంటారు."

చిలక మెల్లగా చెప్పులు విప్పింది. మెల్లగా ఎక్కింది. మొదటి ముల్లు గిర్రున తిరిగి ఆగింది. రెండో ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది.

టీచర్ కాటాను ఒక తట్టు తట్టింది. చిలకను దింపి, చెప్పులు విప్పి తనే ఎక్కింది. రెండో ముల్లు అంచుదాకా పోయి కొట్టుకుంది. మళ్లీ చిలకను ఎక్కించింది. ముల్లు ఉలకలేదు, పలకలేదు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఇన్నాళ్లూ ఆ పిల్ల వెనకాలే వాళ్లంతా చదువుతూ వచ్చారు.

గంట కొట్టాక టీచర్ చిలకను ఆపి, ఒకటో తరగతి వాచకం తెరిచి ముందు పెట్టింది. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి, కింది మాట చదవమంది. చిలక ఒక్కో అక్షరం పేరు చెప్పింది గానీ, కలిపితే ఏ మాటో చెప్పలేకపోయింది. ఇంకో పేజీ తిప్పినా అంతే. తన చేతి కింద, తన కళ్లెదుట ఇది జరిగిందంటే టీచర్ నమ్మలేకపోయింది.

"మరి పాఠమంతా ఎలా చదువుతున్నావు తల్లీ?"

"పక్క సెక్షన్‌కు మనకంటే ఒకరోజు ముందే చెబుతారు కదా టీచర్. గోడలోంచి వినిపిస్తుంది. ఒకసారి వింటే నాకు వచ్చేస్తుంది."

"ఇంట్లో తెలుసా?"

"తెలీదు. అమ్మమ్మ అందరికీ గొప్పగా చెప్పుకుంటుంది. మందులు కూడా నేనే చదివి వేస్తాను."

"ఏం మందులు?"

"కంట్లో చుక్కలు. అమ్మ పొద్దున్నే ఫ్యాక్టరీకి పోతుంది. అమ్మమ్మకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి మొన్న ఆపరేషన్ అయింది."

"చదవడం రాదు కదా, ఎలా వేస్తున్నావు?"

"నీలం మూత సీసా కంటికి, తెల్ల మూతది కాలి ఆనెకు." చిలక గొంతు తగ్గింది. "నీలంది పొద్దున అయిపోయింది టీచర్. షాపాయన నిన్ననే ఇంకోటి ఇచ్చాడు. దానికీ తెల్ల మూతే."

ఆనెకు వేసే మందు గట్టిపడ్డ చర్మాన్ని కాల్చి ఊడగొడుతుంది. టీచర్ బ్యాగు కుర్చీలోనే వదిలేసి, చిలక రెక్క పట్టుకుని బయటికి పరుగెత్తింది. చెప్పులు వేసుకోలేదని ఇద్దరికీ రోడ్డు మీద గానీ తెలియలేదు.

అమ్మమ్మ నల్లద్దాలు తీసి మంచం మీద పెట్టుకుని, గోడకు తల ఆనించి సిద్ధంగా కూర్చుని ఉంది. పక్కన స్టూలు మీద బొటనవేలంత సీసాలు రెండు.

"వచ్చావా తల్లీ? తొందరగా వెయ్యి, కన్ను లాగేస్తోంది" అంది. వెనకాల అడుగుల చప్పుడు విని, "ఎవరది?" అంది.

"నేనమ్మా, మీ మనవరాలి టీచర్ని." ఆమెకు ఇంకా ఊపిరి అందలేదు. వంగి చిలక చెవిలో అడిగింది. "ఇవాళ నేను రాకపోతే ఏది తీసేదానివి?"

చిలక వేలు పెట్టి చూపించింది. టీచర్ ఆ సీసా అందుకుని చీటీ చదివింది. ఆనెల మందు. సీసాను గుప్పిట్లో బిగించి పట్టుకుంది. చిలక ఆ మొహం చూసింది. ఏం జరగబోయిందో ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. వెక్కుతూ వెళ్లి అమ్మమ్మ ఒళ్లో ముడుచుకుంది.

"ఏమైంది దీనికి? బళ్లో ఏమన్నా అన్నారా?" అమ్మమ్మ తడుముతూ దాని వీపు నిమిరింది.

"ఎవరూ ఏమీ అనలేదమ్మా. నేనే ఒక పాఠం సరిగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను" అంది టీచర్.

ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. రెండో సీసా తీసి చిలక కళ్ల ముందు పట్టుకుని, చీటీ మీద మిగతాదంతా బొటనవేలితో మూసేసి, ఒక్క మాట వదిలింది. చిన్న ఇంగ్లీషు మాట, మూడే అక్షరాలు. చిలక కళ్లు తుడుచుకుని ఒక్కో అక్షరం పేరు చెప్పింది. ఆగింది. గోడ అవతల నుంచి ఎవరూ అందివ్వలేదు. మళ్లీ మొదటినుంచి చూసింది.

"ఐ" అంది చివరికి, అమ్మమ్మ ఎర్రటి కంటి వంక చూస్తూ. "కన్ను, టీచర్."

అమ్మమ్మ మోకాలు సర్దుకుంది. "ఏమిటే, ఉన్నట్టుండి బరువెక్కావు?"

"దిగనా అమ్మమ్మా?"

"వద్దు, ఉండు" అంది అమ్మమ్మ. తల వెనక్కి వాల్చి కన్ను తెరిచింది.