కింద పట్టే మనిషి

"మెట్టు," అన్నాడు పైనుంచి యెహోషువ.

నాగేశ్వర ఎడమకాలు వెనక్కి జరిపి, మడమతో మెట్టు అంచు వెతుక్కుని బరువు మోపాడు. తరువాత కుడికాలు. వాషింగ్ మెషీన్ వెనక్కి వాలి అతని ఛాతీని ఒత్తుతోంది. దాని అడుగు మొహానికి జానెడు దూరంలో ఉంది. తుప్పు పట్టిన నాలుగు మరలు, ఎండిపోయిన సబ్బునీళ్ళ చార, సందులో ఇరుక్కుని సగం వేలాడుతున్న పసివాడి మేజోడు. వాడిది ఎప్పుడో పోయిందని వెతికి వెతికి ఊరుకుని ఉంటారు.

"మెట్టు... మెట్టు... ఇంక మలుపన్నా. కొంచెం ఎడమకి."

కువైట్‌లోని ఫింటాస్‌లో సముద్రానికి రెండు వీధుల అవతల ఉన్న ఆ బిల్డింగులో వాళ్ళు ఖాళీ చేస్తున్న ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గానీ, అది మనుషులకేనని బిల్డింగు చూసుకునే హారిస్ పొద్దున్నే చెప్పేశాడు. అంతస్తుకు పద్దెనిమిది మెట్లు. మొదటిసారి దిగినప్పుడే నాగేశ్వర లెక్కపెట్టుకున్నాడు. యెహోషువ పైనుంచి చెబుతూనే ఉంటాడు, ఇతను లోపల లెక్కపెట్టుకుంటూనే ఉంటాడు. పదకొండేళ్ళుగా ఆ రెండు లెక్కలూ ఒక్కసారి కూడా తప్పలేదు.

సామాను మెట్లు దించేటప్పుడు బరువంతా కింద పట్టే మనిషిదే. పైవాడు దారి చూపిస్తాడు, జారకుండా ఆపుతాడు. ఈ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మొదటిరోజు నాగేశ్వర కింద పట్టాడు, అది అలాగే నిలిచిపోయింది. అందుకే కువైట్‌లో అతను చూసిన ఇళ్ళన్నీ అడుగునుంచి చూసినవే. భోజనాల బల్లల కింద పిల్లలు రంగుపెన్సిళ్ళతో గీసిన ఏనుగులు, సోఫాల అడుగున అంటించి మరిచిపోయిన బబుల్‌గమ్, ఫ్రిజ్‌ల కింద పేరుకున్న జిడ్డు. ఇంటివాళ్ళ మొహాలు సాయంత్రానికి మరిచిపోయేవాడు. అడుగులు మాత్రం గుర్తుండేవి.

వాషింగ్ మెషీన్‌ను హాఫ్ లారీలోకి ఎక్కించి తాడు బిగించాక, అతను లారీ చాటుకు వెళ్ళి ఎడమచెయ్యి విదిలించుకున్నాడు. నిండు చేతుల చొక్కా కింద గుడ్డ చుట్టి ఉంది. మూడు నెలలుగా బొటనవేలి మొదట్లో ఏదో తెగినట్టు నొప్పి. ఈ వారం నుంచి వేలు ముడుచుకోవడమే మానేసింది. జేబులో ఫోను తడిమి చూసుకున్నాడు. చెయ్యడానికి ఇంకా సాయంత్రం దాకా టైముంది.

పొద్దున ఐదున్నరకు రెడ్డెమ్మ ఫోన్ చేసింది. అతని భార్య. పద్నాలుగేళ్ళుగా ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో పని చేస్తోంది. ఆ ఇంటి యజమానురాలిని అక్కడి అలవాటు ప్రకారం 'మామా' అంటుంది.

"మామా ఈ పొద్దు టిక్కెట్టు తీస్తాంది. నేను వచ్చే నెల పోతాండా. ఇంక ఖలాస్, మళ్ళా రాను," అంది. "నీకు గూడా అదే విమానంలో తీస్తానంటాంది. ఒకటా రెండా, సాయంత్రం లోపల జెప్పు."

"చూస్తాంలే."

"చూసేదానికి ఏముండాదయ్యా? వస్తావా, రావా? మళ్ళా అడగను నేను."

ఆమె అన్నమాట మీద నిలబడే మనిషి. అడగనంటే అడగదు.

ఇద్దరి మధ్యా ఇరవై కిలోమీటర్లు కూడా లేవు. కానీ ఆమెకు సెలవు శుక్రవారం మధ్యాహ్నం. జనం ఇళ్ళు మారేదీ శుక్రవారమే. నెలకోసారి, ఒక్కోసారి అదీ లేకుండా, ఆ ఇంటి ప్రహరీ పక్కన ఆపిన హాఫ్ లారీ ముందు సీట్లో కూర్చుని, ఆమె తెచ్చిన డబ్బాలోంచి ఇద్దరూ తినేవాళ్ళు. ఊరికి పోయే సెలవులూ ఎప్పుడూ కలవలేదు. ఆమెకు రంజాన్ అయ్యాక ఇచ్చేవాళ్ళు. ఇతనికి ఎండల్లో పని తగ్గినప్పుడు దొరికేది. ఊళ్ళో గాలివీడు రోడ్డుమీద ఆమె కట్టించిన రెండు గదుల ఇంట్లో ఆమె పడుకుంది, అతనూ పడుకున్నాడు. ఇద్దరూ ఒకే రాత్రి పడుకోలేదు.

'చేతులు పట్టినన్ని దినాలు ఈడనే ఉంటా' అనేది అతను ఆమెకు ఏటేటా చెప్పే జవాబు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే దాని వెనక ఇంకొకటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఒక ఇంట్లో, తలుపు వేసుకుని, రోజూ ఆమె ఎదురుగా ఎలా ఉండాలో అతనికి తెలియదు. పనిలేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అది తలచుకుంటే మూడంతస్తుల బరువుకన్నా ఎక్కువ భయం వేసేది.

పైన పడగ్గదిలో హెలెన్ అట్టపెట్టెలకు టేపు వేస్తోంది. నర్సాపురం పిల్ల, నర్సు. డ్యూటీ జహ్రాలో ఆసుపత్రికి మారింది. రోజూ అంతదూరం తిరగలేక ఇల్లే మారుస్తోంది. భర్త షిఫ్టులో ఉన్నాడు, బాబును పక్కింట్లో వదిలింది.

యెహోషువ డ్రిల్లుతో మంచం మరలు ఊడదీస్తుంటే, నాగేశ్వర పరుపు కింది చెక్కపలకలు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించాడు.

"మీ ఆయన గోడపక్క పండుకుంటాడు గదమ్మా?" అన్నాడు.

హెలెన్ టేపు ఆపి చూసింది. "అదెలా తెలిసింది బాబాయ్ గారూ?"

"ఈపక్క పలకలు ఎక్కువ వంగినాయి. నడిమి రెండూ గూడా రవ్వంత వంగినాయి. పిల్లోడు నడిమిన పండుకుంటాడేమో."

ఆమె సిగ్గుపడి నవ్వింది. "అమ్మో! మీ ముందు మంచం విప్పకూడదండీ."

"మా అన్న మంచాలకి జాతకం చెబుతాడండి," అన్నాడు యెహోషువ. "సోఫా చూసి అత్తాకోడళ్ళ గొడవలు కూడా చెప్పేత్తాడు." ఒక మర తీసి ప్లాస్టిక్ కవర్లో వేస్తూ, "అవునన్నా, ఇంతకీ మా వదిన ఎటుపక్క పడుకుంటదీ?" అన్నాడు.

నాగేశ్వర వంగి కింద పడిన మర ఏదో వెతికాడు. కింద మర ఏమీ పడలేదు.

పన్నెండున్నరకు ఫ్రిజ్ ఒక్కటీ మిగిలింది. రెండు తలుపుల పెద్ద ఫ్రిజ్. దుప్పటి చుట్టి తాడు కట్టారు. నాగేశ్వర ఎప్పటిలా అడుగువైపు వంగి రెండు చేతులూ పెట్టాడు. ఎడమచెయ్యి అంచుమీద ఉంది గానీ పట్టుకోలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. తన చెయ్యిని తనే, వేరేవాడి చెయ్యిని చూసినట్టు చూశాడు. తరువాత లేచి నిలబడ్డాడు.

"యెహోషువా."

"ఆయ్."

"ఈతూరి నువ్వు కింద పట్టు."

యెహోషువ ఎగతాళి అనుకుని నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు.

"చెయ్యేనా?"

"ఏం చెయ్యి?"

"మూడు నెలల్నించీ చూత్తానే ఉన్నానన్నా. టీ గ్లాసు కుడిచేత్తో పట్టుకుంటన్నావ్, పుర్రచేతి వాటం మనిషివి." తాడు ముడి సర్దుతూ, "అడిగితే బరువు నా మీద పడుద్దని అడగలేదు. నా పాపం నేను చెప్పేసుకుంటున్నా," అన్నాడు.

ఇద్దరూ చోట్లు మారారు.

పైనుంచి చూస్తే అంతా కొత్తగా ఉంది. ఫ్రిజ్ అవతల యెహోషువ నడినెత్తి కనిపించింది. అక్కడ జుట్టు పలచబడి చర్మం మెరుస్తోంది. ఇది ఎప్పుడు జరిగిందో అతనికి తెలియదు. యెహోషువ వెనక్కి ఒక మెట్టు దిగాడు. ఒకటి, అనుకున్నాడు నాగేశ్వర. రెండు.

"అన్నా, చెప్పవేంటి?"

"ఏం జెప్పాల?"

"మెట్టని చెప్పాలి! నాకు వెనకాల కళ్ళున్నాయా?"

"మెట్టు," అన్నాడు. తన గొంతు ఆ మెట్లమీద తనకే వింతగా వినిపించింది. "మెట్టు... మెట్టు..."

ఒక అంతస్తు దిగారు. రెండో అంతస్తులో యెహోషువ ఊపిరి బరువుగా వస్తోంది, మెడనరాలు తేలాయి. అలా ఉబ్బిన మెడ తనకూ ఉండేదేమో, ఇన్నేళ్ళూ ఇతను పైనుంచి చూస్తూ ఉండేవాడేమో అనిపించింది. ఆ ఆలోచనలో పడి మాట ఎప్పుడు ఆగిందో నాగేశ్వరకు తెలియలేదు. లెక్క మాత్రం ఆగలేదు. పదహారు, పదిహేడు. ఇంకొకటి ఉంది. ఇంకొకటుందని అతనికి ఖాయంగా తెలుసు.

యెహోషువ చదును వచ్చిందనుకుని పాదం పెట్టాడు. అక్కడ మెట్టు అంచు ఉంది.

అతను వెనక్కి కూలబడ్డాడు. ఫ్రిజ్ జారింది. నాగేశ్వర ఎడమచెయ్యి దానంతటదే విడిపోయింది. కుడిచేత్తో తాడు పట్టి, కడుపు కటకటాలకు అదిమి ఆపాడు. ఫ్రిజ్ గోడకు రాసుకుంటూ పోయి, యెహోషువ పిక్కమీద ఆగింది. తాడు కిర్రుమంది.

"చెప్పలేదేంటన్నా?" అన్నాడు యెహోషువ, పళ్ళు బిగబట్టి.

"జెప్పినాననుకున్నా."

"లోపల్లోపల చెప్పుకుంటే నాకెలా వినపడుద్ది?"

హెలెన్ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఫ్రిజ్‌ను చదునుమీద నిలబెట్టాక, యెహోషువ పిక్క నొక్కి, పాదం తిప్పి చూసింది. చర్మం గీరుకుపోయింది, ఎముకకేమీ కాలేదు. మందు రాసి కట్టు కట్టింది. తరువాత అడక్కుండానే నాగేశ్వర ఎడమచేతి మణికట్టు అందుకుని, చుట్టిన గుడ్డ విప్పి, బొటనవేలు వంచింది. అతని నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది.

"ఎన్నాళ్ళైంది?"

"మొన్నట్నుంచే అమ్మా."

"మూడు నెలలండీ," అన్నాడు యెహోషువ.

"ఈ చేత్తో ఇంక బరువు పట్టకూడదు బాబాయ్ గారూ. నీళ్ళ బిందె కూడా పట్టకూడదు." ఆమె ఆ మాట గట్టిగా అనలేదు. వార్డులో రోజూ చెప్పే మాటలా చెప్పి, గుడ్డ మళ్ళీ చుట్టింది.

హారిస్‌కు ఏమనిపించిందో, తాళంచెవి తెచ్చి లిఫ్టు తెరిచాడు. ఫ్రిజ్ మిగతా దూరం లిఫ్టులో దిగింది.

జహ్రాకు వెళ్ళే దారిలో హాఫ్ లారీ నిదానంగా పోయింది. హెలెన్ కారు ముందు వెళ్ళిపోయింది. క్లచ్ తొక్కినప్పుడల్లా యెహోషువ మొహం చిట్లించాడు.

"ఇన్నేళ్ళూ అంత బరువూ నువ్వొక్కడివే మోసేవాడివా? నేను సగం సగం అనుకున్నానన్నా."

"నువ్వు మాట్లాడతాంటివి గదా."

"మాటకేం బరువన్నా?"

"ఉండాదిలేప్పా," అన్నాడు నాగేశ్వర. "ఈ పొద్దు తెలిసొచ్చె."

రోడ్డుకు అటూ ఇటూ ఇసుక, కరెంటు స్తంభాలు. ఫోను తీశాడు. రెడ్డెమ్మ పేరు దాకా వెళ్ళి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి పోయింది కాబట్టి వస్తున్నానని చెబితే అది నిజమే అవుతుంది. ఆమె నమ్ముతుంది, సంతోషిస్తుంది కూడా. కానీ అది, 'చేతులు పట్టినన్ని దినాలు' అన్న మాటకు రెండో సగమే. ఆ మాట మీద ఆనుకుని ఇంటికి పోతే, ఆ ఇంట్లో కూడా వెనక్కి నడుస్తూనే ఉంటాడేమో. ఆమె ఏదో ఒకటి చెబుతూ ఉంటుంది, తను లోపల లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.

జహ్రాలో ఇల్లు కింది అంతస్తే. దించే పనంతా యెహోషువ కుంటుతూ చేశాడు, ఫ్రిజ్‌కు పక్కవాటాలోని ఇద్దరు సాయం పట్టారు. నాగేశ్వర కూర్చుని చేసే పనులు చేశాడు. కుడిచేత్తో డ్రిల్లు పట్టి మంచం బిగించాడు. వంగిన పలకలు గోడపక్కకే వచ్చేలా పేర్చాడు. మూడు తలుపుల కబోర్డు నిలబెడితే మధ్య తలుపు మూసుకోలేదు, దానంతటదే తెరుచుకుని ఊగుతోంది. నేల ఒకమూల పల్లంగా ఉంది. ఖాళీ పెట్టె మూత చించి, నాలుగు మడతలు పెట్టి, కబోర్డు కాలి కింద దోపి, మడమతో తన్నాడు. తలుపు మూసుకుంది.

"ఊడ్చేటప్పుడు దాన్ని లాగేయొద్దమ్మా," అని హెలెన్‌కు చెప్పి బయటికొచ్చాడు.

వీధిలో ఎండ మెత్తబడింది. ఎక్కడో అజాన్ మొదలైంది. హాఫ్ లారీ వెనక తలుపుకు ఆనుకుని ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"ఊఁ, జెప్పు."

అతను రోడ్డుమీది దుమ్మును చెప్పుతో గీశాడు.

"ఏమ్మే, మంచం ఏ గోడకు ఏసినావు?"

"యాడ?"

"మనింట్లో."

"తూర్పు గోడకు. కిటికీ కింద. ఎందుకూ?"

"నువ్వెటు పండుకుంటావు?"

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. "ఏమైంది నీకు? ఎండదెబ్బ గాని తగిలిందా?" అంది. ఆపైన, గొంతు తగ్గించి, "కిటికీ పక్కన. గాలికి," అంది.

"నాకు తెలీదు మే. ఒగ ఇంట్లో ఎట్టుండాల్నో నాకు తెలీదు. అందుకే ఇన్నేండ్లూ చేతులు, చేతులు అని జెప్తాంటి. ఇప్పుడు చెయ్యి గూడా పోయిందిలే, అది వేరే."

అవతల కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"నాకు మాత్రం తెలుసునా?" అంది. "పద్నాలుగేండ్లు ఒకరింట్లో ఉంటి. మనింట్లో ఉండేది నాకూ కొత్తే." ముక్కు ఎగబీల్చుకుంది. "ఏమాయ, రెండు తీమని జెప్పనా?"

"ఊఁ."

"ఊఁ అంటే కాదు. నోరు తెరిచి జెప్పు."

"రెండు," అన్నాడు నాగేశ్వర. "రెండు తీమను."

మరుసటి నెలలో ఇద్దరూ ఒకే విమానంలో వెళ్ళిపోయారు. హాఫ్ లారీలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చుని ఎయిర్‌పోర్టుకు వెళ్ళారు. పెట్టెలు యెహోషువే దించాడు. అతనితో ఇప్పుడు రామాంజులు అని రాయచోటి మనిషి పనికి వస్తున్నాడు. కింద పట్టేది ఇప్పుడు యెహోషువే.

హెలెన్ డ్యూటీకి పోయేముందు ఇల్లు ఊడ్చుకుంటుంది. కబోర్డు మూల దగ్గర చీపురు కొంచెం పక్కకు తిరుగుతుంది. అక్కడ, కాలి కింద, నాలుగు మడతల అట్టముక్క బరువుకు అణిగి అణిగి వేలిమందం కూడా లేకుండా పలచబడి ఉంది.