తొమ్మిది విస్తర్ల జాగా

చవగ్గా దొరికిన వస్తువు దేవుడి దయా, దేవుడి పరీక్షా? ఈ అనుమానం నాకు ఏళ్లుగా ఉంది. ఒకసారి అహోబిలంలో అర్చకస్వామిని అడిగాను కూడా. ఆయన నా చేతిలోని స్టీలు క్యారియర్ చూసి, "ఎంతకు పడింది?" అన్నారు.

కర్నూల్లో మాది చిన్న కిరాణా అంగడి. ఏటా ఎండాకాలం చివర ఆఫీసర్లకు బదిలీలైనప్పుడు, సి క్యాంపు క్వార్టర్ల ముందు సామాన్లు అమ్మకానికి పెడతారు. నేను అంగడి వదిలి అక్కడ ఉంటాను. అట్లా మా నట్టింట్లోకి తలుపు లేని బీరువా, ఎవరో ప్రిన్సిపాలుగారి కుర్చీ, రెండు కూలర్లు వచ్చి చేరాయి. కూలర్లలో ఒకటి తిరగదు.

మా అమ్మాయి శ్రీవాసవికి చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే, నా భార్య సుచరిత నరసింహస్వామికి మొక్కుకుంది, తొమ్మిదిమంది దాసర్లను నట్టింట కూచోబెట్టి అన్నం పెడతానని. పిల్ల లేచి తిరిగింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మొక్కు మాత్రం అట్లే ఉండిపోయింది. నట్టింట కూచోడానికి చోటేదీ?

"మిద్దె మీద పెడితే కాదా?" అన్నానొకసారి.

"నట్టింట అని మొక్కినా. మీ బీరువాను మిద్దె మీద పెట్టుకోండి."

ఈ ఏడు ఆమె నన్ను అడక్కుండానే శనివారానికి దాసర్లను పిలిచేసింది. చేత ఒక విస్తరాకు పట్టుకుని నట్టిల్లంతా కొలిచింది.

"ఈ బీరువా మూడు విస్తర్లు. కుర్చీ ఒకటి. కూలర్లు రెండు. తిరగనిదానికీ జాగా అంతే పట్టె!"

గురువారం పాత సామాన్ల అంగడి హజరత్ వలి ట్రాలీ ఆటో తెచ్చాడు. సి క్యాంపులో నాకంటే ముందే బేరమాడి కొని, వీటిలో సగం నాకు అంటగట్టింది అతనే.

"ఏం సెట్టీ, కొనేటప్పుడు బంగారమంటివి. ఇప్పుడేమాయ?"

"అమ్మేటప్పుడు నువ్వేమంటివి భాయ్?"

"అమ్మేటోన్ని, నేను అనాల్సిందే కదా."

"అన్నా, ఆ కూలరు ఊరికే తీస్కపో," అంది సుచరిత.

"అది నేనిచ్చిందే కదమ్మా. తిరగదని నాకు తెల్దా?" అంటూనే దాన్నీ ఎక్కించాడు.

సాయంత్రానికి నేల బయటపడింది. "నాయనా, మనింట్లో కడప బండలు ఇంత నల్లగా ఉండాయా!" అంది శ్రీవాసవి.

శుక్రవారం విస్తరాకులకని పోయి, సి క్యాంపు మీదుగా వచ్చాను. అది దగ్గరి దారి కాదు. ఒక ఇంజనీరుగారింటి ముందు లారీ నిండింది. కింద టేకు ఉయ్యాల, ఇత్తడి గొలుసులు. "లారీలో పట్టడంలేదండీ, మీకు తోచింది ఇచ్చి తీసుకుపోండి," అంది ఆ ఇంటావిడ.

నాకు తోచిందట! నా జన్మలో అంత మంచి ధర వినలేదు. "నాలుగు విస్తర్లు" అని గొణుక్కున్నాను.

అక్కడే ఉన్న వలి విన్నాడు. "దానికేముండాది సెట్టీ? ఆదివారం దాకా నా అంగట్లో పెట్టుకుంటా. దాసర్లు పోయినాక ఇంటికి తోలుకో. మొక్కూ తీరతాది, ఉయ్యాలా వస్తాది."

ఎంత చక్కటి ఉపాయం! చెయ్యి జేబులోకి పోయింది కూడా. అప్పుడు తోచింది, నట్టింటిని స్వామికి ఒక్కపూట బాడుగకు ఇస్తున్నానా అని. గొలుసు పట్టుకుని ఉయ్యాలను కదిలించి చూశాను. కిర్రుమంటే వదిలేయడం సులువయ్యేది. కిర్రుమనలేదు.

"నువ్వే తీసుకో భాయ్," అని సైకిలెక్కాను. మలుపులో ఒక్కసారి వెనక్కి చూశాను. ఒక్కసారే.

శనివారం మధ్యాహ్నం దాసర్లు శంఖం ఊదుకుంటూ, జాగంట కొట్టుకుంటూ వచ్చారు. విస్తర్లన్నీ ఒకే వరుసలో పడ్డాయి. సుచరిత భక్ష్యాల మీద నెయ్యి పోస్తూ అటూ ఇటూ తిరుగుతుంటే ఆమె కొంగు ఎక్కడా తగులుకోలేదు.

చేతులు కడుక్కొచ్చాక అందరిలోకీ ముసలాయన, పెద్దన్న దాసు, నేలను అరిచేత్తో తడిమాడు.

"సల్లగా ఉండాది తల్లీ. ఇంత జాగా యాడ దొరుకుతాది? రొంత ఒరుగుతా."

నట్టింట నడిమధ్యన కండువా ముఖం మీద వేసుకుని నిద్రపోయాడు. మిగతావాళ్లు గోడలకు చేరగిలబడ్డారు. సుచరిత వాళ్లకు అడ్డం రాకుండా దేవుడి పటం దగ్గరికి పోయి చేతులు జోడించింది.

"బాకీ తీరె సామీ," అంది, ముసలాయన నిద్ర చెడకుండా.