టిచ్ బటన్

నడుముకు తుపాకీ పెట్టుకునే తోలు ఒర, అదే హోల్‌స్టర్, కుట్టించుకోవడానికి నా కొట్టుకు వచ్చేవాళ్లు రెండు రకాలు. తుపాకీ సమయానికి తమ చేతికి రాదేమోనని భయపడేవాళ్లు ఒక రకం. అవతలివాడి చేతికి పోతుందేమోనని భయపడేవాళ్లు రెండో రకం. మొదటివాళ్లు పట్టీ వద్దంటారు, రెండోవాళ్లు పట్టీ కావాలంటారు. మనిషి గడప దాటేలోపే వాడు ఏ రకమో చెప్పేస్తానని ముప్పయ్యేళ్లుగా గొప్పలు పోయాను. మూడో రకం ఒకటుంటుందని, అది మా ఇంటి నుంచే వస్తుందని అనుకోలేదు.

పట్టీ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. తుపాకీ పిడి మీదుగా అడ్డంగా వచ్చే వేలెడు తోలు ముక్క అది. దాని చివర టిచ్ బటన్ ఉంటుంది. బటన్ పెట్టి ఉంటే ఎవడు ఎంత గుంజినా తుపాకీ బయటికి రాదు. పెట్టుకున్నవాడు మాత్రం పిడి మీద చెయ్యి వేస్తూనే బొటనవేలితో నెట్టి తీసుకోవాలి. అరక్షణం పని. ఆ అరక్షణం దగ్గరే గొడవంతా.

నా కొట్టంటే ఒక గది, ఒక కిటికీ, కిటికీ కింద బల్ల. పనివాళ్లు లేరు. పెట్టుకున్నా నా నోటికి మూడో రోజు నిలవరు. ఫ్యాక్టరీ సరుకు చూస్తే నాకు ఒళ్లు మంట. జిగురుతో అతికించి, పైన కుట్టులా గీతలు గీసి అమ్ముతారు. ఆ బటన్లయితే మరీ అన్యాయం, ఊడదీయాలంటే పళ్లతో పీకాలి. నా చేతి నుంచి వెళ్లే బటన్ అలా ఉండదు. కొట్టు దాటే ముందు దాని అంచును సన్నటి ఆకురాయితో నున్నగా రాస్తాను, కొద్దిగా మైనం పట్టిస్తాను, కూర్చుని వందసార్లు పెట్టి తీస్తాను. ఆ తర్వాత అది పెట్టేటప్పుడు టిచ్చుమంటుంది కానీ తీసేటప్పుడు చెవి దగ్గర పెట్టుకున్నా వినపడదు. తీసేటప్పుడు టపామనే బటన్ నా దృష్టిలో సగం పని. ఈ సంగతి నాకు వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పుకునే అలవాటుంది. చెప్పాల్సిన ఒక్క మనిషికి చెప్పలేదు.

మా చెల్లెలి మొగుడు ఒక పెద్ద గోదాము గేటు దగ్గర కాపలాదారు. సొంత తుపాకీ, లైసెన్సు ఉన్నది. నేను అతన్ని బావా అంటాను, అతనూ నన్ను బావా అనే అంటాడు. మా ఇద్దరినీ ఒక గదిలో పెట్టి చెల్లెలు పిలిస్తే తప్ప ఎవరు ఎవరో తెలియదని నవ్వుకునేవాళ్లం. ఒకరోజు పొద్దున్నే డ్యూటీ దిగి తిన్నగా కొట్టుకు వచ్చాడు. పాత హోల్‌స్టర్ అడుగున కుట్లు పోయాయి, కొత్తది కావాలన్నాడు.

"పట్టీ వద్దు బావా."

"ఏం, నా తోలు మిగిలిద్దామనా? నామీద ఇంత ప్రేమ ఎప్పటినుంచి?"

నవ్వలేదు. ఇంతకుముందైతే జోకు సగంలో ఉండగానే నవ్వేసే మనిషి. బల్ల మీద తోలు ముక్కల్ని వేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

"పొడుగాయన బొటనవేలు బటన్ మీదే ఉండిపోయింది బావా. గోరు విరిగిపోయింది. నేనే చూశాను."

పొడుగాయన అంటే అదే గేటు దగ్గర అతనితో పాటు నిలబడే మనిషి. అంతకు ఏడాది ముందు గోదాము మీద పడ్డవాళ్లు ఆయన్ని చంపేశారు. ఆయన నడుముకున్నది ఫ్యాక్టరీ హోల్‌స్టర్, పట్టీ ఉన్నది. కొలతలు రాసుకుని, వారంలో ఇస్తానన్నాను.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. మా ఇంటికి వస్తుంది గానీ కొట్టుకు ఎప్పుడూ రాదు, తోలు వాసన పడదు దానికి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"అన్నయ్యా, ఆయనకు పట్టీ పెట్టి కుట్టు."

"మీ ఆయన వద్దన్నాడే."

"అందుకే వచ్చాను."

"చూడు చిట్టీ, గేటు దగ్గర ఎవడైనా వెనకనుంచి లాక్కుంటాడని నీ భయం. అది నిజమే కానీ…"

"ఎవడో లాక్కుంటాడని కాదు అన్నయ్యా. ఆయన తీసుకుంటారని."

నా చేతిలో తోలుకు బెజ్జాలు వేసే ఆరె ఉంది. బల్ల మీద పెట్టేశాను.

అది అంతా చెప్పింది. ఏడవలేదు. ఆ రోజు పొడుగాయన బటన్ ఊడక చచ్చిపోయాడు. మా బావది పట్టీ లేనిది, తుపాకీ చేతికి వచ్చేసింది. వచ్చినా పేల్చలేకపోయాడు. చెయ్యి కదల్లేదట. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు, ఏడాదిగా దీనికొక్కదానికే చెప్పాడు, అదీ రోజూ చెబుతున్నాడు. ఇప్పుడు పదిరోజులుగా చెప్పడం కూడా మానేశాడు. పొద్దున్న వచ్చి ముందుగదిలో మేకుకు బెల్టు తగిలిస్తాడు, మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. రెండుసార్లు వంటింట్లోంచి వచ్చేసరికి మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు, తుపాకీ ఒళ్లో ఉంది. "తుడుస్తున్నా" అన్నాడట. చేతిలో గుడ్డ లేదు.

"తుపాకీ డ్యూటీ దగ్గరే పెట్టి రమ్మనకూడదా?"

"అక్కడ పెట్టుకునే చోటు లేదంటారు. ఉద్యోగం మానెయ్యమన్నాను. నేను దాచేశాను కూడా, ఇల్లంతా పీకి పందిరేశారు. డాక్టరు దగ్గరికి పోదాం రమ్మంటే వచ్చే నెల వస్తానన్నారు. ఆ నెల దాకా నేను కాచుకోవాలి అన్నయ్యా. ఎంతసేపని ఆయన మొహం చూస్తూ కూర్చోను? వండాలి, ఉతకాలి. నువ్వు పట్టీ పెట్టు. గట్టి బటన్ పెట్టు. అది తీస్తే టపామని వంటింట్లోకి వినపడాలి. వినపడితే చాలు, నేను పరిగెత్తుకొస్తాను."

"నేను మాట్లాడతాలే వాడితో."

"మాట్లాడొద్దు! నేను చెప్పానని తెలిస్తే ఇంక నాతో కూడా మాట్లాడరు. నువ్వు బటన్ పెట్టు, అంతే."

దాని ముఖం చూసి సరేనన్నాను.

బావను ఒప్పించడం నాకు పెద్ద పని కాలేదు, అబద్ధం చెప్పే పని పడలేదు మరి. గేటు దగ్గర లారీవాళ్లు మీదమీదకి వస్తారు, ఎవడో ఒకడు వెనకనుంచి లాగితే నీ తుపాకీతోనే నిన్ను లేపేస్తాడు, అన్నాను. విని తల ఊపాడు. చివరికి ఒక్కటే అడిగాడు. "నా బొటనవేలికి అడ్డం రాకూడదు బావా. పొడుగాయనకు వచ్చినట్టు రాకూడదు." అది అడిగేటప్పుడు గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. నా పని సంగతి నీకు తెలియదా అన్నాను.

కుట్టాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అంత మంచి హోల్‌స్టర్ నేను మళ్లీ కుట్టలేదు. తోలు నానబెట్టి, చెక్కతో చేసిన తుపాకీ అచ్చు చుట్టూ అదిమి, రెండు రోజులు నీడలో ఆరబెట్టాను. మైనం దారంతో రెండు సూదుల కుట్టు వేశాను. చెల్లెలు అడిగినట్టే గట్టి స్ప్రింగు బటన్ తెచ్చి పట్టీకి దిగ్గొట్టాను. తీసి చూస్తే టపామంది, పక్క కొట్టువాడు తొంగిచూసేంత చప్పుడు. ఇంతే చాలు, కాగితంలో చుట్టి ఇచ్చెయ్యాలి.

కానీ ఇవ్వలేకపోయాను. ఆ చప్పుడు నా చెవిలో ముల్లులా గుచ్చుకుంది. విరిగిన గోరు గుర్తొచ్చింది. నా చేతి పని నా బావ నడుము మీద ఫ్యాక్టరీ సరుకులా టపామనాలా అనిపించింది. నిజం చెబుతున్నాను, చెల్లెలి మాట మర్చిపోలేదు. గుర్తుంది. కాస్త మెత్తబరిస్తే ఏం, చప్పుడు పూర్తిగా పోదులే అనుకున్నాను. ఆకురాయి అందుకున్నాను. అంచు రాశాను. మైనం పట్టించాను. వందసార్లు పెట్టి తీశాను. ముప్పయ్యేళ్ల చెయ్యి, ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. పూర్తయ్యేసరికి పెడితే టిచ్చుమంటోంది, తీస్తే ఏమీ లేదు.

బావ వచ్చి పెట్టుకుని నాలుగైదుసార్లు తీసి చూశాడు. ఏడాదిలో మొదటిసారి అతని ముఖంలో నవ్వులాంటిది కనిపించింది. "వెన్నలా వస్తోంది బావా" అన్నాడు. నేను పొంగిపోయాను.

ఆ ఆదివారం చెల్లెలు మా ఇంటికి వచ్చింది. నా భార్య లోపల పనిలో ఉండగా నా పక్కకు వచ్చి నెమ్మదిగా చెప్పింది.

"రోజూ పొద్దున్న వినపడుతోంది అన్నయ్యా. రాగానే మేకుకు తగిలించి టిచ్చుమని పెట్టేస్తారు. పొయ్యి దగ్గరికి కూడా వినపడుతోంది. ఎన్నాళ్లయిందో నేను ధైర్యంగా వంటింట్లో నిలబడి."

అది విన్నది బటన్ పెట్టే చప్పుడు. తీసే చప్పుడు వేరని దానికి తెలియదు, ఈ పని చేసేవాళ్లకు తప్ప ఎవరికి తెలుస్తుంది? నోటి దాకా వచ్చింది. చెబితే, నేను అడిగిందేమిటి నువ్వు చేసిందేమిటి అంటుంది. బుధవారం బావ చేత హోల్‌స్టర్ తెప్పించి, ఏదో వంక చెప్పి బటన్ మార్చేద్దాం అనుకున్నాను. బుధవారం వేరే పని తగిలింది. మనిషి కూడా కాస్త కోలుకున్నట్టే ఉన్నాడు, రెండు ముద్దలు ఎక్కువే తింటున్నాడని చెల్లెలు చెప్పింది. ఇంక తొందరేముందిలే అనుకున్నాను.

తర్వాతి సోమవారం మధ్యాహ్నం, ఎండ బాగా ఉన్నప్పుడు, పక్క కొట్టువాడి ఫోనుకు కబురు వచ్చింది. నేను వెళ్లేసరికి ముందుగది తలుపు దగ్గర పోలీసులు నిలబడి ఉన్నారు. లోపలికి వెళ్లనివ్వలేదు. గోడకు మేకు, మేకుకు బెల్టు, బెల్టుకు నా హోల్‌స్టర్ కనిపించాయి. పట్టీ పక్కకు వాలి ఉంది. చెల్లెలు వంటింటి గడప మీద కూర్చుని ఉంది, దాని చేతులకు మోచేతుల దాకా సబ్బు నురగ.

పదిహేను రోజులు అది మా ఇంట్లోనే ఉంది. నా భార్య గిన్నెలు కడుగుతూ కుళాయి తిప్పితే ఉలిక్కిపడేది. వెళ్లి కట్టేసేది. మళ్లీ తనే సన్నటి ధారగా తిప్పేది. మూడోసారి నా భార్య విసుక్కోబోతే నేను కళ్లతోనే ఆపాను. ఎందుకో నాకు తెలుసు.

పదహారో రోజు కొట్టుకు వచ్చింది. పోలీసులు తిరిగిచ్చిన బెల్టు, హోల్‌స్టర్ సంచిలో తెచ్చింది. బల్ల మీద పెట్టి, ఇంట్లో ఉంచుకోలేను, నువ్వేం చేసుకుంటావో చేసుకో అంది. వెళ్లిపోతుందనుకున్నాను. స్టూలు మీద కూర్చుంది.

"నువ్వు నేను అడిగినట్టే చేసిచ్చావు అన్నయ్యా. నేనే వినలేదు. కుళాయి బాగా తిప్పేశాను ఆ రోజు, గిన్నెలు జిడ్డుగా ఉన్నాయని. ఆ నీళ్ల హోరులో టపామన్నది వినపడలేదు. సన్నగా తిప్పుకుని ఉంటే వినపడేది. నాలుగు అంగలు, పట్టేసుకునేదాన్ని."

ఇంతసేపూ నాకు తెలుసు ఇది ఇలాగే అంటుందని. ఊరుకుందామనే అనుకున్నాను. పోయిన మనిషి ఎలాగూ రాడు, నోరు మూసుకుంటే నా పరువు నాకుంటుంది, దానికి అన్న మిగులుతాడు. కానీ అది నాలుగు అంగలు అని వేళ్లు చూపించింది. బతికినన్నాళ్లూ ఇది సన్నటి ధార కింద గిన్నెలు కడుక్కుంటూ ఆ వేళ్లు లెక్కపెట్టుకుంటుంది.

"చిట్టీ, చప్పుడు రాలేదు. నేనే రాకుండా చేశాను. నువ్వు విన్నది పెట్టే చప్పుడు. తీసేటప్పుడు దానికి చప్పుడు లేదు. నాకు తెలుసు. నీకు చెప్పలేదు."

హోల్‌స్టర్ తీసి బటన్ పెట్టి, తీసి, చూపించాను. ఇంకోసారి చూపించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. తిడుతుందేమో, కొడుతుందేమో, కొడితే బాగుండు అనుకున్నాను.

"ఎందుకు చెప్పావు అన్నయ్యా?" అంది చివరికి. "కుళాయి తప్పు అనుకుని ఎలాగోలా బతికేదాన్ని. ఇప్పుడు నిన్నేం చేసుకోను?"

చెయ్యి తీసేసుకుని లేచింది, మెట్లు దిగి రోడ్డు దాటి వెళ్లిపోయింది. మా ఇంటి వైపు వెళ్లలేదు.