మెట్ల మీది నుంచి పడ్డ మనిషి

నేను ఒక డీవీడీ ప్లేయర్‌ని. నల్లటి రేకు డబ్బా, ముందు ఒక ఎర్ర లైటు, నోరు తెరిస్తే బయటికొచ్చే పళ్ళెం. టీవీ కింద అద్దాల అలమరలో కూర్చోబెడతారు కాబట్టి నా ముఖం ఎప్పుడూ చూసేవాళ్ళ వైపే ఉంటుంది. అందుకని వందలకొద్దీ సినిమాలు ఆడించాను గాని ఒక్క బొమ్మ కూడా నేను చూడలేదు. చూసినవాళ్ళ ముఖాలే చూశాను. నా చదువంతా అదే.

నన్ను చేసిన ఫ్యాక్టరీలో ఒకమ్మాయి ఆవులిస్తూ నాకు మరలు బిగించింది. ఆ తర్వాత లారీ ఎక్కి చిక్కడపల్లిలో పెళ్ళి వీడియోలు తీసే ఒక దుకాణానికి చేరాను. అక్కడ చాలా ఏళ్ళు పెళ్ళిళ్ళే ఆడించాను. మనుషులు పెళ్ళి చూడరు, తమని తాము వెతుక్కుంటారు. తాళి కట్టే ఘట్టం వస్తున్నా "ఆగాగు, వెనక్కి తిప్పు, అక్కడ తింటున్నది నేనే" అనేవాళ్ళే ఎక్కువ. ఫోన్లు వచ్చాక పెళ్ళిళ్ళు వాటిలోకి వెళ్ళిపోయాయి. దుకాణం వాడు నన్ను ఒక గోనెసంచిలో వేసి అమ్మేస్తే, ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద తేలాను. పాత నవలలు ఒక పక్క, ఇస్త్రీపెట్టె ఒక పక్క, మధ్యలో నేను.

అక్కడ సుదర్శన్ నన్ను చూశాడు. గూడ్సు రైళ్ళకి గార్డు. నిదానస్థుడు. నన్ను కొని, పక్కనే అట్టపెట్టెలో ఉన్న డిస్కులు కూడా తీసుకున్నాడు. అన్నీ ఇంగ్లండు వాళ్ళు ఎప్పుడో నలుపు తెలుపుల్లో, తక్కువ ఖర్చులో తీసిన నేరాల సినిమాలు. ఒక్కోటి గంటకి అటూ ఇటూ. పేర్లు ఎవరికీ గుర్తుండనివి.

"మా ఆవిడకి ఇవంటే ప్రాణం. కాలేజీలో ఉన్నప్పుడు ఫిల్మ్ క్లబ్బుకి పోయి చూసేదంట," అని అమ్మేవాడికి చెప్పాడు. అడక్కపోయినా చెప్పాడు.

సీతాఫల్‌మండిలో వాళ్ళది రెండంతస్తుల ఇల్లు. కింద సుదర్శన్, అతని భార్య ప్రమీల. పైన అతని చనిపోయిన అన్న భార్య అండాలు. ప్రమీల ఇంగ్లీషు టీచరు. టీచరు అనాలో, టీచరుగా ఉండేది అనాలో అప్పటికి ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. నీటికాసులని, కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బొచ్చి ఆమె చూపు పోయింది. ఒక పక్క నుంచి కొంచెం వెలుతురు తెలుస్తుంది, అంతే. పోయిన చూపు తిరిగి రాదని డాక్టర్లు చెప్పాక ఆమె మంచం దిగడం మానేసింది. చూపు లేనివాళ్ళకి నడక నేర్పే చోటు ఉందని భర్త చెబితే గోడవైపు తిరిగి పడుకుంది. కర్ర పట్టుకోమంటే, "నన్ను రోడ్డు మీద ఊరేగిస్తవా?" అంది.

నన్ను టీవీకి తగిలించి, మొదటి డిస్కు వేసి, రిమోటు ఆమె చేతిలో పెట్టి సుదర్శన్ డ్యూటీకి వెళ్ళిపోయాడు. విన్నంతసేపు ఆమె ముఖంలో ఏదో కదిలింది. ఇంగ్లీషు మాట ఒక్కటీ పోనివ్వలేదు. కాని ఆ సినిమాల్లో అసలు సంగతి జరిగేటప్పుడు ఎవరూ మాట్లాడరు. తలుపు కిర్రుమంటుంది, అడుగులు వినిపిస్తాయి, ఏదో పగులుతుంది. తర్వాత సంగీతం. అలాంటి చోట ప్రమీల ముఖం నలిగిపోయేది. రెండోరోజు రిమోటు విసిరికొట్టింది. అది నా అలమర అద్దానికి తగిలింది.

పైన ఉన్న అండాలు ఈ చప్పుళ్ళన్నీ వినేది గాని దిగేది కాదు. యారాండ్లిద్దరి మధ్యా మాటల్లేక ఎన్నో ఏళ్ళు. ఎందుకంటే ఎప్పుడో అండాలు కూతురి నిశ్చితార్థంలో పిల్లవాడి తరఫు వాళ్ళకి ఆమె గర్వంగా, "మా పిల్లకి కంప్యూటరు సర్టిపికెట్ ఉన్నది" అంది. ప్రమీల వెనకనుంచి, పిల్లల్ని దిద్దినట్టే, "సర్టిపికెట్ కాదక్కా, సర్టిఫికెట్" అంది. హాలంతా నవ్వింది. అండాలు ఆ రోజు వడ్డన పూర్తి చేసి, పైకెళ్ళి, మళ్ళీ కింది గడప తొక్కలేదు. పిల్ల పెళ్ళయి వరంగల్ వెళ్ళిపోయింది, అండాలు మొగుడు పోయాడు, మాట మాత్రం అక్కడే ఆగింది. ఏదైనా కావాలంటే సుదర్శన్ మధ్యలో ఉండి ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోసేవాడు.

ప్రమీల రిమోటు విసిరిన మర్నాడు అతను గూడ్సు మీద కాజీపేట వెళ్తూ వదినని బతిమాలాడు. "అన్నం గిన్నె తలుపు దగ్గర పెట్టి పో వదినా. మాట్లాడక్కర్లేదు."

మధ్యాహ్నం అండాలు గిన్నె పట్టుకుని దిగింది. నేను ఒక సినిమా ఆడిస్తున్నాను. సరిగ్గా అప్పుడు మాటలు ఆగాయి. అడుగులు. ఒక కేక. దడదడమని ఏదో దొర్లిన చప్పుడు.

"ఏమైంది? ఎవరు పడ్డరు?" ప్రమీల ఖాళీ గదినే అడిగింది. ఏడుపు గొంతుతో అడిగింది.

తలుపు దగ్గర నిలబడ్డ అండాలు కళ్ళు తెర మీదున్నాయి. మాట తనంతట తనే జారింది.

"టోపీ పెట్టుకున్నోడు పడ్డడు. మెట్ల మీదికెళ్ళి."

ఇద్దరి ముఖాలూ నాకు కనిపిస్తున్నాయి. అండాలు నాలిక కరుచుకుంది. ప్రమీల తల నెమ్మదిగా తలుపువైపు తిరిగింది.

"ఎవరు తోసిండ్రక్కా?"

"కనవడలె. చెయ్యొక్కటే కనవడ్డది."

"మగ చెయ్యా, ఆడ చెయ్యా?"

"ఏమో. తొడుగు తొడుక్కున్నది." అండాలు గిన్నె కింద పెట్టింది. "ఆడు బతికిండా సచ్చిండా, ఏమంటున్నరు?"

"డాక్టర్ని పిలవమంటున్నరు. చచ్చిపోయిండని ఎవరో అన్నరు. ఆ గొంతు ఎవరిదో తెల్వలే."

"పొట్టోడిది. మీసాలోడు."

అన్నం చల్లారిపోయింది. సినిమా అయిపోయేదాకా అండాలు తలుపుకి ఆనుకుని నిలబడే ఉంది, కూర్చోలేదు. అయ్యాక పైకి వెళ్ళిపోయింది. మర్నాడు అదే వేళకి మళ్ళీ దిగింది. ఈసారి కుర్చీ లాక్కుంది.

అప్పట్నుంచి మధ్యాహ్నాలు నావే. ఒకరికి మాట తెలుసు, బొమ్మ లేదు. ఇంకొకరికి బొమ్మ ఉంది, మాట లేదు. ఇద్దరూ కలిపి ఒక సినిమా చూసేవాళ్ళు. గంట సినిమా రెండు గంటలు పట్టేది, ఎందుకంటే రిమోటు అండాలు చేతికి వచ్చింది, ఆమెకి ఆపడం ఇష్టం.

"ఇగ చూడు, పొగమంచు ఒచ్చింది. పొగమంచు కాదే ప్రమీలా, ఎనక ఎవడో సాంబ్రాణి వేస్తున్నడు. ఒక్క మూలకెళ్ళే వస్తున్నది."

"డబ్బులుండవక్కా వాళ్ళ దగ్గర. చిన్న చిన్న కంపెనీలు. వారం పది రోజుల్ల తీసేటోళ్ళు."

"అందుకే, తలుపు గట్టిగేస్తే గోడ ఊగుతున్నది!"

అండాలు కనిపెట్టినవి అన్నీ ఇన్నీ కావు. మూడు సినిమాల్లో ఒకే మెట్లు, గోడ మీద పటం మాత్రం మార్చారట. నల్ల కారు కూడా ఒకటేనట, ఒకదాంట్లో దొంగలది, ఒకదాంట్లో పోలీసులది. ఒకరోజు ఆమె సినిమా ఆపి మరీ అడిగింది. "వీడు మొన్న ఎస్సై కదనే? ఇయ్యాల దొంగెట్లయిండు?"

"జీతం చాల్లేదేమో," అంది ప్రమీల.

అండాలు నవ్వు ముందు ఆపుకుంది, తర్వాత ఆపుకోలేకపోయింది. ప్రమీల నవ్వడం నేను చూడడం అదే మొదలు. పళ్ళు కొంచెం ఎత్తు. బాగుంది.

పక్క గదిలో శవం ఉంటే ఇవతల అందరూ టీ తాగుతారేమిటని అండాలుకి ఒకటే ఆశ్చర్యం. ఇన్‌స్పెక్టరు ఎవర్నీ ఒక్క దెబ్బ కూడా కొట్టడు, తడి కోటు విప్పకుండా "మీరేమీ అనుకోకపోతే ఒక్క ప్రశ్న" అంటాడు. పట్టుబడ్డ హంతకుడు కూడా మర్యాదగా టోపీ పెట్టుకుని బయల్దేరతాడు. "గిసొంటి పోలీసులైతే నేను కూడా ఒకర్ని సంపేద్దును," అని అండాలు అంటే, "ఎవర్నక్కా, నన్నా?" అని ప్రమీల. "నిన్నే," అని అండాలు. అలా తమాషాగా అనుకోగలిగే చోటికి వచ్చారు. పాత సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ప్రమీలకి కూడా తన విద్య ఒకటి దొరికింది. అడుగుల చప్పుడు. "ఇప్పుడొచ్చింది పొద్దున వచ్చినామెనే. మడమల బూట్లు, ఎడమకాలు కొంచెం ఈడుస్తది," అనేది. అండాలు చూసి, "అవునే!" అనేది. ఆ తర్వాత ప్రమీల వీధిలో అడుగులు కూడా వినడం మొదలుపెట్టింది. పాలవాడెవరో, పక్కింటి కమలెవరో, తలుపు దాకా రాకముందే చెప్పేది. అయినా తలుపు దాటేది కాదు.

తప్పు నా వల్లే జరిగింది. ఆ రోజు ఆడిస్తున్న సినిమాలో లండన్‌లో ఒక ఇల్లు, గదులు అద్దెకిచ్చే ముసలామె చచ్చిపోతుంది. అనుమానమల్లా ఇద్దరి మీద, మేడ మీద ఉండే డాక్టరు, ముసలామె మేనకోడలు. డాక్టరే చంపాడని ప్రమీల. "చచ్చిపోయినామె పేరు చెప్పేటప్పుడల్లా గుటక మింగుతున్నడు. విను." మేనకోడలే అని అండాలు. "ఆమె చచ్చిపోయిందని ఎవ్వరూ చెప్పకముందే ముసలామె శాలువ మడతపెట్టి పెట్టెల పెట్టింది. నేను చూసిన." చివరికి ఇన్‌స్పెక్టరు అందర్నీ ముందు గదిలో కూర్చోబెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. అక్కడ డిస్కు మీది గీత నాకు తగిలింది. డిస్కు చదివే నా ఒక్క కన్నూ ఎంత చించుకున్నా ముందుకి పోలేకపోయాను.

"నోరు తెరిచి అట్లనే నిలబడ్డడు!" అండాలు అరిచింది.

డిస్కు తీసి కొంగుతో తుడిచారు. దూదితో తుడిచారు. పళ్ళపొడి కూడా రుద్దారు. ఇన్‌స్పెక్టరు నోరు మూయలేదు. ఆ వారమంతా వాదనే. అన్నం దగ్గర గుటక, చాయ్ దగ్గర శాలువ. డ్యూటీ దిగి వచ్చిన సుదర్శన్ ఇద్దర్నీ చూసి చెప్పులు విప్పడం కూడా మరిచిపోయాడు.

"ఆదివారం ఆబిడ్స్ పోతే ఇంకో డిస్కు దొరుకుతదేమో," అన్నాడు. "నాకు డ్యూటీ ఉంది. వదినా, నువ్వు పోరాదు?"

అండాలు ముఖం ముడుచుకుంది. "నేనా? ఆ సినిమా పేరు నాకు నోరు తిరగదు. అడిగితే నవ్వుతరు."

ప్రమీల వేళ్ళు మంచం కోడు మీద అటూ ఇటూ తిరిగాయి.

"ఆ రోజు నేను నవ్వలేదక్కా," అంది చివరికి. "దిద్దిన. నవ్వినదానికంటె అదే ఎక్కువ. అంతమందిల దిద్దిన."

అండాలు కొంగు అంచు చేతికి చుట్టుకుంటోంది.

"నేను వస్త నీతోని," అంది ప్రమీల. "నవ్వేటోడెవడో నా ముందర నవ్వమను."

సుదర్శన్ కిటికీవైపు తిరిగాడు. ఆ వైపు చూసేదేమీ లేదు, ఎదురింటి గోడే.

ఆదివారం పొద్దున అండాలు ఆమెకి జడ వేసింది. ఆసుపత్రికి తప్ప ఇంట్లోంచి కదలని మనిషి గడప దగ్గర చాలాసేపు నిలబడింది. కాలు ముందుకి పెట్టి, వెనక్కి తీసుకుంది. నాకు లోపల ఏ డిస్కూ లేకపోయినా తిరుగుతున్నట్టే అనిపించింది. "ఒక్క మెట్టే," అంది అండాలు. "కింద ఇసుకుంది, జారదు. ఎడమ దిక్కు తులసికుండ. ఎదురుంగ కమల నిలబడి మన దిక్కే చూస్తున్నది."

"చూడనీ," అని ప్రమీల దిగింది.

తలుపు మూసుకుంది. ఆ రోజంత పొడుగు రోజు నేను ఎరగను. బస్సు, జనం, ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాలు, ఎవరైనా తోస్తారేమో, పడుతుందేమో. అన్నీ తలుచుకుంటూ కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా వచ్చారు. ప్రమీల మోకాలి దగ్గర చీర చిరిగి ఉంది, ముఖం ఎండకి కమిలి ఉంది, గొంతు మాత్రం వీధి చివర్నుంచే వినిపించింది.

"పడ్డ!" అని అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మొగుడికి సంబరంగా చెప్పింది. "కోఠిల బస్సు దిగుతుంటే. నలుగురు లేపిండ్రు. ఏం కాలె!"

డిస్కు దొరకలేదు. పేరు మాత్రం అండాలే అడిగిందట. బస్సులో దారిపొడుగునా ఇద్దరూ అనుకుంటూ వెళ్ళారట. దుకాణమబ్బాయి ఆమె ఎలా అంటే అలాగే అని, అది ఇక రాదు అమ్మా, ఇవి తీసుకోండని వేరే రెండు ఇచ్చాడట. "ఎవ్వరూ నవ్వలె," అంది అండాలు. మళ్ళీ అంది.

రాత్రి అన్నాలయ్యాక ప్రమీల సుదర్శన్‌ని పిలిచింది. "ఆ నడక నేర్పే చోటు ఏ దిక్కున్నదన్నవు? అక్క మోచేయి ఎన్ని రోజులు పట్టుకుంట? ఆమెకి కూడా పనులుంటయి."

తెల్ల కర్ర వచ్చింది. మొదట్లో గోడలకీ కుర్చీలకీ తగిలేది, ఒకసారి నాకూ తగిలింది. నేను ఏమీ అనుకోలేదు. తర్వాత సందు చివరి దాకా, తర్వాత బస్టాపు దాకా. వేసవి అయ్యాక ఆమె బడివాళ్ళు చిన్న తరగతులకి మాట్లాడే ఇంగ్లీషు చెప్పమన్నారు. వెళ్తోంది.

నా కన్ను మాత్రం ఆ వేసవిలోనే పూర్తిగా పోయింది. బాగుచేసేవాడు మూత తీసి చూసి, ఈ లెన్సు ఇప్పుడెక్కడా దొరకదన్నాడు. కొంచెం దిగులేసింది. ఇక మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయో అని. కాని మనుషుల సంగతి నాకు పూర్తిగా తెలీదని తర్వాత తెలిసింది.

ఇప్పుడు బడి లేని రోజుల్లో కమలా, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళూ బియ్యం చాటలు పట్టుకుని వచ్చి కూర్చుంటారు. టీవీ ఆపే ఉంటుంది. అండాలు మొదలుపెడుతుంది. "పొద్దుగాల. ఆన పడుతున్నది. నల్ల కోటు ఆయన నడుస్తున్నడు, కోటు ఆయన సైజుది కాదు." ప్రమీల గొంతులు పెడుతుంది, డాక్టరు గుటకతో సహా. నేల మీద వేళ్ళతో అడుగుల చప్పుడు చేస్తుంది. ఇన్నేళ్ళుగా నేను ఆడించి చూడలేకపోయిన బొమ్మ అలా నాకూ కనిపిస్తోంది.

ఈ రోజు సుదర్శన్ చెప్పి పంపితే పాతసామానువాడు వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఆ డబ్బా ఎక్కడ?" అన్నాడు.

"ఉష్!" అంది కమల, చాటలోంచి తలెత్తకుండానే. "ఇన్‌స్పెక్టరు తలుపు కొడుతున్నడు."

వాడు గదిలోకి తొంగిచూశాడు. అండాలు చెయ్యి గాల్లో ఉంది. ప్రమీల రెండు వేళ్ళు మెల్లగా మెట్లెక్కుతున్నాయి. వాడు చప్పుడు చేయకుండా భుజం మీది సంచి దించి, గడప మీద కూర్చున్నాడు.